కారు తెర, చేతి పరికరం, టాబ్లెట్: హైదరాబాద్ దారుల్లో ఏది నమ్మదగింది?

కొత్త కారు కోసం షోరూమ్‌ల చుట్టూ తిరుగుతున్న మా బావమరిది గత నెలలో ఒక సాయంత్రం ఇంటికి వచ్చి నన్ను ఒక ప్రశ్న అడిగాడు. “బావా, కంపెనీ నావిగేషన్ ఉన్న టాప్ మోడల్‌కు లక్షా ఇరవై వేలు ఎక్కువవుతుందట. పెట్టమంటారా, లేక కింది మోడల్ తీసుకుని ఒక టాబ్లెట్ బిగించుకోమంటారా?” షోరూమ్‌లోని కుర్రవాడు అప్పటికే అరగంట సేపు అతనికి ఆ తెర గొప్పతనాన్ని వివరించి పంపాడు. ఆఫీసు మిత్రులేమో చేతిలో ఫోన్ ఉండగా అదంతా డబ్బు దండగేనని కొట్టిపారేశారు. పదిహేనేళ్ళకు పైగా ఈ నగరంలో కారు నడుపుతూ, ఈ రకాల పరికరాలన్నింటి మీదా ఎంతో కొంత సొమ్ము పోసినవాణ్ణి గనుక నాకు తోచిన జవాబు అప్పటికప్పుడు చెప్పగలిగేవాణ్ణే. అయినా అన్నింటినీ ఒకే దారుల్లో మళ్ళీ ఒకసారి నడిపి చూసి చెబుతానని నాలుగు వారాలు గడువు అడిగాను.

పరీక్షకు నాలుగు ఏర్పాట్లు కుదిరాయి. మొదటిది, పది రోజులు ఊరికి వెళ్తూ ఒక సహోద్యోగి నాకు అప్పగించిన 2021 నాటి కారు. దానిలో కంపెనీయే బిగించిన ఎనిమిది అంగుళాల తెర, దానికి సొంత మ్యాప్ ఉన్నాయి. రెండవది, 2010లో నేను కొనుక్కున్న అయిదు అంగుళాల చేతి పరికరం. ముందు అద్దానికి రబ్బరు కప్పుతో అంటించుకునే రకం. మూడవది, మా పిల్లలు చదువుల పేరుతో కొనిపించుకుని వదిలేసిన పది అంగుళాల టాబ్లెట్. నాలుగవది, ఫోన్‌లోని మ్యాప్‌ను కారు తెర మీదికి తెచ్చే ఆండ్రాయిడ్ ఆటో. ఐఫోన్ ఉన్నవారికి ఇదే పనిని కార్‌ప్లే చేస్తుంది. ఏ.ఎస్.రావు నగర్‌లోని ఇంటి నుంచి నానక్‌రాంగూడలోని ఆఫీసుకు, మెహిదీపట్నం నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి, ఒక ఆదివారం చార్మినార్, పత్తర్‌గట్టీ పరిసరాలకు, చివరగా శ్రీశైలానికి వీటిని వెంటబెట్టుకుని తిరిగాను.

కంపెనీ బిగించిన వ్యవస్థకు షోరూమ్‌లో పొగడ్త అంతా తెర నాణ్యతకే దక్కుతుంది గాని, దాని అసలు బలం కంటికి కనిపించని చోట ఉంది. జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతుంటాయి. వాటిలో కనీసం నాలుగింటి సంకేతాలు అందితే తప్ప పరికరానికి తానెక్కడుందో సరిగా తెలియదు. అంత దూరం నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనమైనది కాబట్టి, దాన్ని పట్టుకునే యాంటెనా ఆకాశం చూసే చోట ఉండటం ముఖ్యం. ఫోన్‌కు, టాబ్లెట్‌కు ఆ యాంటెనా వాటి పొట్టలోనే ఉంటుంది. కారు వ్యవస్థకైతే సాధారణంగా పైకప్పు మీద సొరచేప రెక్కలా కనిపించే భాగంలో ఉంటుంది. దీనికి తోడు చక్రాలు ఎన్నిసార్లు తిరిగాయో లెక్కించే సెన్సర్లు, కారు ఎటు మళ్ళిందో పసిగట్టే గైరోస్కోప్ కూడా దానికి అందుబాటులో ఉంటాయి. ఉపగ్రహం కనిపించనప్పుడు సైతం, చివరిగా తెలిసిన చోటి నుంచి ఎంత దూరం ఏ దిక్కుకు వచ్చామో లెక్క కట్టి అది తన స్థానాన్ని తానే అంచనా వేసుకోగలదు.

ఈ తేడా పంజాగుట్ట ప్రాంతంలోని ఒక మాల్ సెల్లార్‌లో కళ్ళకు కట్టినట్టు కనిపించింది. భూమి లోపల మూడో అంతస్తులో కారు నిలిపి, రెండు గంటల తరువాత పైకి వచ్చేటప్పుడు నాలుగు చుట్లు తిరగవలసి వచ్చింది. రోడ్డు మీదికి రాగానే కారు తెర మీది బాణం గుర్తు సరిగ్గా ఎటు ముఖం పెట్టి ఉన్నామో అటే చూపింది. డ్యాష్‌బోర్డు మీద ఉన్న ఫోన్ కొద్ది సేపు తాను ఇంకా మాల్‌కు వెనుక వీధిలో ఉన్నాననుకుంది. టాబ్లెట్ అయితే బాణాన్ని గిరగిరా తిప్పి, తొలి మలుపు దాటిపోయిన తరువాత గాని కుదురుకోలేదు. హైదరాబాద్‌లో మాల్ నుంచి బయటపడిన తొలి యాభై గజాలలోనే ఎడమకో కుడికో తేల్చుకోవాలి, తప్పితే యూ టర్న్ కోసం కిలోమీటరు పోవాలి కాబట్టి ఆ కొద్ది సేపటి ఆలస్యం చిన్నదేమీ కాదు. ఉపగ్రహాలతో నిమిత్తం లేకుండా దారి లెక్కకట్టే ఈ పద్ధతి కొత్తదేమీ కాదని కూడా ఇక్కడ చెప్పాలి. 1981లో హోండా జపాన్‌లో అమ్మిన ఎలక్ట్రో గైరోకేటర్ అనే పరికరం, పారదర్శకమైన ఫిల్ములపై ముద్రించిన మ్యాప్‌ల మీద కారు కదలికను గైరోస్కోప్ సాయంతోనే చూపేది.

నానక్‌రాంగూడ, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ పరిసరాల్లో లేచిన అద్దాల మేడల మధ్య కూడా ఇదే జరిగింది. సంకేతాలు ఆ గోడలకు తగిలి, చుట్టు తిరిగి ఆలస్యంగా చేరడం వలన ఫోన్ అప్పుడప్పుడు మమ్మల్ని పక్క రోడ్డు మీదికి, ఒకసారి ఏకంగా ఒక టవర్ లోపలికి చేర్చింది. కారు వ్యవస్థ అక్కడ తొణకలేదు.

ఇంత వరకు చదివినవారు లక్షా ఇరవై వేలు పెట్టడమే మేలని అనుకుంటే అది సహజమే. నాకూ మూడు రోజులు అలాగే అనిపించింది. నాలుగో రోజు షేక్‌పేట ఫ్లైఓవర్ ఎక్కాను. 2.8 కిలోమీటర్ల పొడవున్న ఆ వంతెనను 2022 జనవరి 1న ప్రారంభించారు. 2021 నాటి కారు మ్యాప్‌లో అది లేదు. కాబట్టి నేను పైన సాఫీగా పోతుంటే, తెర మాత్రం నేను కింద సెవెన్ టూంబ్స్ చౌరస్తాలో ఉన్నానని నమ్మి, సిగ్నల్ దగ్గర ఎడమకు జరగమని పదే పదే మొత్తుకుంది. గైరోస్కోప్ ఎంత చురుకైనదైనా, మ్యాప్‌లో లేని రోడ్డు మీద కారును నిలబెట్టలేదు. అంతకన్నా ఇబ్బంది ఆరాంఘర్ దగ్గర ఎదురైంది. ఆరాంఘర్ నుంచి జూపార్క్ వైపు సుమారు నాలుగు కిలోమీటర్ల ఫ్లైఓవర్‌ను 2025 జనవరిలో తెరిచారు. పాతబస్తీకి వెళ్ళేవారికి అది ఎంతో కలిసివచ్చిన దారి. కారు తెరకు ఆ కబురే అందలేదు. అదే ఏడాది జూన్‌లో గచ్చిబౌలి చౌరస్తా మీదుగా అవుటర్ రింగ్ రోడ్డు నుంచి కొండాపూర్ వైపు తెరిచిన పి.జె.ఆర్. ఫ్లైఓవర్ సంగతీ అంతే.

నగరం ఇంత వేగంగా రోడ్లు మార్చుకోకపోతే, కంపెనీ నావిగేషన్‌కు ఎదురు ఉండేది కాదు. 2019 చివర నుంచి లెక్క వేసినా, బయోడైవర్సిటీ చౌరస్తాలో రెండు అంచెల వంతెనలు, దుర్గం చెరువు తీగల వంతెన, శిల్పా లేఅవుట్ వంతెన, కొత్తగూడ వంతెన ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వీటన్నిటి కంటే మ్యాప్‌ను ఎక్కువ తికమక పెట్టేది, సిగ్నల్ చౌరస్తాలను మూసివేసి కొంచెం ముందు యూ టర్న్‌లు పెట్టిన మార్పు. పాత మ్యాప్ “కుడివైపు తిరగండి” అంటుంది. అక్కడ చూస్తే సిమెంటు దిమ్మెలు అడ్డంగా ఉంటాయి. దారి తెలిసినవారు నవ్వుకుని ముందుకు పోతారు. కానీ దారి తెలియని చోటనే కదా ఎవరైనా నావిగేషన్ పెట్టుకునేది!

మ్యాప్‌ను కొత్తది చేయించుకోవచ్చు కదా అనేది న్యాయమైన ప్రశ్న. సహోద్యోగి అనుమతితో నేను ఒక సర్వీస్ సెంటర్‌కు వెళ్ళి అడిగాను. ఉచిత మార్పుల గడువు ముగిసిందని, ఇప్పుడు కావాలంటే ఎనిమిది వేల రూపాయలకు పైగా అవుతుందని, మెమరీ కార్డు తెప్పించడానికి వారం పడుతుందని చెప్పారు. ఆ కార్డులో ఏ నెల వరకు తాజా చేసిన మ్యాప్ ఉంటుందో మాత్రం అక్కడ ఒక్కరూ చెప్పలేకపోయారు. ఇటీవలి ఖరీదైన మోడళ్ళలో కారులోనే సిమ్ ఉండి, మ్యాప్ దానంతట అదే తాజా అవుతోంది. అయితే అటువంటి సేవ చాలా కార్లలో కొన్నేళ్ళు మాత్రమే ఉచితం, ఆ తరువాత ఏటా చందా కట్టాలి. కొనేటప్పుడే ఆ గడువును, తరువాతి చందాను కాగితం మీద రాయించుకోవాలి. మన దేశంలో చాలా కార్ల సొంత నావిగేషన్‌కు మ్యాప్ అందించేది 1995లో మొదలైన మ్యాప్‌మైఇండియా సంస్థ. అదే సంస్థ తన ‘మ్యాపుల్స్’ యాప్‌ను ఫోన్‌లో ఉచితంగా ఇస్తోంది. చౌరస్తాకు ముందు ఫ్లైఓవర్ ఎక్కాలా, కింద నుంచి పోవాలా అన్నది బొమ్మ వేసి చూపడంలో ఆ యాప్ చాలా బాగుంది. ఎనిమిది వేలు అడుగుతున్న కార్డు కంటే చేతిలోని ఉచిత యాప్ తాజాగా ఉండటం కొంత విడ్డూరమే.

ఫ్లైఓవర్ మాట వచ్చింది కాబట్టి, ఈ నగరంలో ఏ పరికరానికైనా అదే అసలు పరీక్ష అని చెప్పాలి. జీపీఎస్ మనం ఎక్కడున్నామో బాగానే చెబుతుంది గాని, ఎంత ఎత్తులో ఉన్నామో చెప్పడంలో ఎప్పుడూ కొంత వెనుకబడే ఉంటుంది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ వరకు 11.6 కిలోమీటర్లు సాగే పి.వి.నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే కింద అదే పొడవున మామూలు రోడ్డు కూడా ఉంది. పైన ఉన్నామా కింద ఉన్నామా అన్నది తేల్చుకోలేక నా చేతి పరికరం, టాబ్లెట్ రెండూ తడబడ్డాయి. కారు వ్యవస్థ మూడు సార్లు వెళ్తే మూడు సార్లూ సరిగానే గుర్తించింది. 2009లో తెరిచిన ఆ వంతెన దాని మ్యాప్‌లో ఉండటం, ర్యాంప్ ఎక్కిన వాలును అది పసిగట్టడం రెండూ కలిసివచ్చాయని అనుకుంటున్నాను. ఫోన్‌లోని గూగుల్ మ్యాప్స్ 2024 జూలై నుంచి మన నగరాల్లో ఫ్లైఓవర్ ఎక్కాలో వద్దో ముందుగానే చెబుతోంది. అంతకు ముందు మెహిదీపట్నం ర్యాంప్ తప్పి, కింద అత్తాపూర్ ట్రాఫిక్‌లో చిక్కుకుని విమానం దాదాపు పోగొట్టుకున్న అనుభవం ఉంది కాబట్టి, ఆ ఒక్క మాటకు నేను ఎంతైనా విలువ ఇస్తాను.

ఇంకొక హైదరాబాదీ చిక్కు చిరునామాలది. ఆ ఎక్స్‌ప్రెస్‌వే పొడవునా దుకాణాలు, ఫంక్షన్ హాళ్ళు అన్నీ పిల్లర్ నంబరు తోనే తమ చోటు చెప్పుకుంటాయి. పెళ్ళి పత్రికలో సైతం ‘పిల్లర్ నం. ఫలానా ఎదురుగా’ అని అచ్చు వేస్తారు. కారు తెరకు ఆ భాష తెలియదు. ఫోన్‌లో పిల్లర్ నంబరు కొట్టి వెతికితే చాలా సార్లు దొరుకుతుంది. పేర్ల వర్ణక్రమం మరొక తంటా. పంజాగుట్టను ఇంగ్లీషులో ‘ఏ’తో రాసేవారు కొందరు, ‘యు’తో రాసేవారు కొందరు. కారు తెర తనకు తెలిసిన ఒక్క వర్ణక్రమాన్నే ఒప్పుకుని, తక్కినదానికి ఫలితాలు లేవని చేతులెత్తేసింది. సంజీవరెడ్డి నగర్ అంటే దానికి తెలుసు, ఎస్.ఆర్.నగర్ అంటే తెలియదు. ఇంటి నంబర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. జూబ్లీహిల్స్‌లో 8-2-293/82 తరువాత ఇంకెన్ని గీతలు, అక్షరాలు వస్తాయో అక్కడ నివసించేవారికే తెలియాలి. ఫోన్‌లో మిత్రుడు వాట్సాప్‌లో పంపిన లొకేషన్‌ను నొక్కితే దారి మొదలవుతుంది, ఈ బాధ అంతా ఉండదు. గూగుల్ మ్యాప్స్ 2018 నుంచి తెలుగులో కూడా దారి చెబుతోంది. మా అమ్మను పక్కన కూర్చోబెట్టుకున్నప్పుడు ఆ గొంతునే పెడతాను. మలుపు నేను వినకపోయినా ఆమె వింటుంది.

ఇక చేతి పరికరం. ఇది ఒక కాలపు వస్తువు. 2000 మే వరకు అమెరికా ప్రభుత్వం పౌరులకు అందే జీపీఎస్ సంకేతాన్ని కావాలనే కొంత చెడగొట్టి ఇచ్చేది. ఆ పద్ధతి మానేసిన తరువాతనే వీధి మలుపు చెప్పగల చవక పరికరాలకు దారి ఏర్పడింది. ఆ తరువాతి పదేళ్ళలో గార్మిన్, టామ్‌టామ్ పరికరాలు ప్రపంచమంతా అమ్ముడయ్యాయి. మన హైదరాబాద్‌కే చెందిన శాట్‌నావ్ టెక్నాలజీస్ ‘శాట్‌గైడ్’ పేరుతో భారతీయ నగరాలకు నావిగేషన్ తయారుచేసిందని ఇప్పటి వారికి పెద్దగా గుర్తు లేదు. నేను 2010లో దాదాపు పది వేలు పెట్టి కొన్నది మరొక కంపెనీది. ఉదయం కారు తీసేటప్పుడు అది ఉపగ్రహాలను వెతుక్కుంటూ నిమిషాల తరబడి కూర్చునేది. ఉపగ్రహం తన కక్ష్య వివరాలను 30 సెకన్లకు ఒకసారి చాలా నిదానంగా పంపుతుంది. ఫోన్‌కు ఆ వివరాలు నెట్ ద్వారా క్షణంలో అందుతాయి గనుక అంత ఆలస్యం ఉండదు. ఇప్పుడు దాని మ్యాప్ 2012 దగ్గర ఆగిపోయింది, కంపెనీ ఆ మోడల్‌ను పట్టించుకోవడం మానేసింది. దాని రబ్బరు కప్పు ఎండకు గట్టిపడి, బేగంపేట గుంత ఒకదాన్లో చక్రం పడగానే ఊడి నా ఒళ్ళో పడింది. నగరంలో దీన్ని ఎవరికీ సిఫారసు చేయను.

టాబ్లెట్ విషయంలో నాకు ముందు నుంచీ కొంత ఆశ ఉండేది. పది అంగుళాల తెర మీద చౌరస్తా ఎంత స్పష్టంగా కనిపిస్తుందో ఊహించుకోవచ్చు, నిజంగానే కనిపించింది కూడా. కానీ కొనే ముందు తెలుసుకోవలసిన మాట ఒకటి ఉంది. టాబ్లెట్లన్నింటిలో జీపీఎస్ ఉండదు. ఐప్యాడ్‌లలో వైఫై మాత్రమే ఉన్న రకానికి జీపీఎస్ లేదు. సిమ్ వేసుకునే రకానికే ఉంటుంది. ఆండ్రాయిడ్ టాబ్లెట్లలో కూడా మోడల్‌ను బట్టి చూసుకోవాలి. ధర తక్కువ అని వైఫై రకం కొని, ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్టుకొద్దామనుకున్నవారికి దారి మధ్యలో గాని సంగతి తెలియదు. మా ఇంటిది అదృష్టవశాత్తు సిమ్ రకం.

రెండవ చిక్కు ఎండ. ఆపిల్ తన ఐప్యాడ్‌ను 35 డిగ్రీల వరకే వాడాలని, 45 డిగ్రీలు దాటిన చోట ఉంచరాదని చెబుతుంది. తక్కిన కంపెనీల సూచనలు కూడా ఇంచుమించు ఇలాగే ఉంటాయి. మన మే నెలలో బయటే 42 డిగ్రీలు ఉంటుంది, ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారు లోపల ఇంకా ఎంతో పెరుగుతుంది. నేను చూసిన ఒక మధ్యాహ్నం, సికింద్రాబాద్‌లో అరగంట ఆగి వచ్చేసరికి టాబ్లెట్ చార్జింగ్ ఆపేసి, వెలుగు సగానికి తగ్గించి, చల్లబడేవరకు ఆగమని చెప్పి నల్లబడింది. ఏసీ గాలి దాని మీదికి తిప్పి పది నిమిషాలు వేచి ఉండవలసి వచ్చింది. దిగిన ప్రతిసారీ దాన్ని ఊడదీసి సంచిలో పెట్టుకోవడమే మార్గం. అంత పెద్ద తెర ముందు అద్దానికి అడ్డుగా ఉండటం, ఏసీ గ్రిల్లుకు తగిలిస్తే దాని బరువుకు గ్రిల్లు రెక్క విరగడం వేరే బాధలు. రెండవది నాకు జరిగింది, రెక్క మార్చడానికి తొమ్మిది వందలయింది. బావమరిది ప్రశ్నలోని రెండో సగానికి జవాబు అప్పుడే తేలిపోయింది.

ఫోన్‌ను చేతిలో పట్టుకుని నడిపేవారి గురించి ఒక మాట. మోటారు వాహనాల నిబంధనల్లో 2020 అక్టోబరు 1 నుంచి అమలైన సవరణ, ఫోన్ వంటి చేతి పరికరాన్ని దారి చూసుకోవడానికి మాత్రమే, అది కూడా డ్రైవర్ ధ్యాస చెదరకుండా వాడాలని చెబుతుంది. చేతిలో పట్టుకుని వేలితో జరుపుతూ నడపడం ఆ అనుమతిలోకి రాదు.

నాలుగో ఏర్పాటు, అంటే కారు తెర మీద ఫోన్ మ్యాప్, చాలా వరకు రెండింటి మేలునూ కలిపి ఇచ్చింది. తెర కారుది కాబట్టి ఎండకు ఆరిపోదు, అద్దానికి అడ్డు రాదు, కంటికి సరైన ఎత్తులో ఉంటుంది. మ్యాప్ ఫోన్‌ది కాబట్టి నిన్న మూసిన రోడ్డు కూడా ఇవాళ తెలుస్తుంది. వానాకాలంలో జంట జలాశయాల గేట్లు ఎత్తి మూసీ పొంగినప్పుడు నది మీది లోలెవల్ వంతెనలను మూసివేస్తుంటారు. అలాంటి రోజున పాత మ్యాప్ ఆ వంతెనల మీదికే పంపుతుంది, ఫోన్ మాత్రం ట్రాఫిక్ ఆగిన జాడను బట్టి చుట్టుదారి చూపుతుంది. గణేశ్ నిమజ్జనం రోజు ట్యాంక్‌బండ్ చుట్టుపక్కల మళ్ళింపులను కూడా కాస్త ఆలస్యంగానైనా అందుకుంటుంది. కార్‌ప్లే వాడేటప్పుడు, కారులో ఏర్పాటు ఉంటే, ఫోన్ తన జీపీఎస్‌తో పాటు కారు యాంటెనా సమాచారాన్ని కూడా వాడుకోగలదు. అయితే ఇక్కడా లోపాలున్నాయి. తీగ లేకుండా కలిపితే ఫోన్ బాగా వేడెక్కుతుంది, చార్జింగ్ త్వరగా దిగుతుంది. ఒకసారి ఫోన్ వచ్చినప్పుడు మ్యాప్ గొంతు మూగబోయి, గచ్చిబౌలిలో అవుటర్ దిగే దారి దాటిపోయాను. 158 కిలోమీటర్ల ఆ వలయంలో ఒక దిగుడు తప్పితే తరువాతి దిగుడు వరకు పోయి, టోల్ కట్టి వెనక్కి రావడం తప్ప గత్యంతరం లేదు.

పాతబస్తీలో గెలుపు ఎవరిదీ కాదు. ఇరుకు దారులను తప్పించే సౌకర్యాన్ని గూగుల్ 2024లో మొదలుపెట్టిన ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. దాని వలన కొంత మేలు కనిపించింది గాని, పత్తర్‌గట్టీ వెనుక గల్లీల్లో ఆదివారం బజారు ఎంత రోడ్డును ఆక్రమిస్తుందో ఏ మ్యాప్‌కూ తెలియదు. మదీనా దగ్గర కారు నిలిపి నడిచి వెళ్ళాను.

శ్రీశైలం దారి మాత్రం లెక్కలు తారుమారు చేసింది. మన్ననూరు దాటి నల్లమల అడవిలోకి ప్రవేశించిన కొంత సేపటికే ఫోన్ సిగ్నల్ పోయింది. ఇంటి దగ్గర బయలుదేరేటప్పుడే దారి పెట్టుకున్నాను కాబట్టి మ్యాప్ నడుస్తూనే ఉంది. కానీ ఫర్హాబాద్ దగ్గర ఆగి, మళ్ళీ బయలుదేరుతూ దారి కొత్తగా వెతకమంటే ఫోన్ నెట్ లేదంది. ఆ ప్రాంతపు మ్యాప్‌ను ముందుగా ఫోన్‌లోకి దించుకోవడం నేను మరిచిపోయాను. దించుకుని ఉంటే ట్రాఫిక్ సంగతి తప్ప మిగతా అంతా పనిచేసేది. కారు సొంత మ్యాప్ ఉన్న ఆ సహోద్యోగి కారు, పదిహేనేళ్ళ నా చేతి పరికరం మాత్రం దోమలపెంట మీదుగా పాతాళగంగ వరకు ఒక్క క్షణం తడబడలేదు. ఆ ఘాట్ రోడ్డు 2012లో ఎలా ఉందో దాదాపు ఇప్పుడూ అలాగే ఉంది. అయినా ఆ అడవి దారి గురించి తప్పక తెలియాల్సిన విషయం వీటిలో ఏదీ చెప్పలేదు. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి 9 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు మన్ననూరు దగ్గర గేటు మూస్తారు. ఆ మధ్య ఒకసారి సాయంత్రం బయలుదేరి, రాత్రి పదకొండుకు చేరతామన్న ఫోన్ మాట నమ్మి, 9:20కి గేటు ముందు నిలబడి, వెనక్కి అచ్చంపేటకు వచ్చి లాడ్జిలో పడుకున్నాం.

పాత కారు ఉన్నవారికి వేరే దారి ఉంది. కంపెనీ స్టీరియో తీసి తొమ్మిది అంగుళాల ఆండ్రాయిడ్ స్టీరియో పెట్టించుకోవడం రాణీగంజ్ దుకాణాల్లో ఇప్పుడు రోజూ జరిగే పని. నా 2014 కారుకు నిరుడు పద్దెనిమిది వేలతో పెట్టించాను. రెండు జాగ్రత్తలు అవసరం. వైర్లు కోసి టేపు చుట్టనివ్వకుండా, మీ కారు మోడల్‌కు సరిపోయే కప్లర్, అంటే వైర్లు కోయకుండా కలిపే ప్లగ్గుతోనే బిగించమని ముందే చెప్పాలి; కోసిన వైరు కనిపిస్తే కంపెనీ ఎలక్ట్రికల్ వారంటీ చిక్కుల్లో పడుతుంది. రెండవది, దానితో వచ్చే చిన్న నల్లటి జీపీఎస్ యాంటెనాను స్టీరియో వెనుకే కుక్కి పంపేస్తుంటారు. నాకు బిగించినవాడు కూడా అలాగే చేశాడు. వారం రోజులు మ్యాప్ వీధి మారుస్తుంటే స్టీరియోనే బాగోలేదనుకున్నాను. తిరిగి వెళ్ళి ఆ యాంటెనాను ముందు అద్దం కింద డ్యాష్‌బోర్డు పైకి తెప్పించిన తరువాత ఆ జబ్బు పోయింది. కారు అమ్మేటప్పుడు తెరలో దాచిన ఇంటి చిరునామా, కలిపిన ఫోన్ల జాబితా చెరిపేయాలి. నేను పరీక్షించిన కారులో దాని మొదటి యజమాని ‘హోమ్’ ఇంకా సనత్‌నగర్‌లోనే ఉంది.

బావమరిదికి నా జవాబు చెప్పాను. నావిగేషన్ కోసమే అయితే టాప్ మోడల్ వద్దు. ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే రెండూ ఉన్న మధ్య మోడల్ తీసుకో. టాబ్లెట్ ఆలోచన మానెయ్. ఫోన్‌లో గూగుల్ మ్యాప్స్‌తో పాటు మ్యాపుల్స్ కూడా పెట్టుకుని, ఊరు దాటే ముందు రాత్రి ఇంటి వైఫై మీద ఆ దారి మ్యాప్ దించుకో. ఏటా అడవి దారులు, కొండ దారులు తిరిగేవాడివైతే జవాబు వేరుగా ఉండేది, నీ తిరుగుడంతా కూకట్‌పల్లి, మాదాపూర్ మధ్యనే. అతను మధ్య మోడల్‌కే డబ్బు కట్టాడు. కారు విజయదశమికి వస్తుంది. డెలివరీ తీసుకునేటప్పుడు ముందు సీట్ల మధ్య ఉన్న రెండు యూఎస్‌బీ పోర్టుల్లో ఏది డేటాను తీసుకుంటుందో అడిగి, ఫోన్ కలిపి, మ్యాప్ తెర మీదికి వచ్చిన తరువాతే సంతకం పెట్టమని చెప్పాను. చాలా కార్లలో రెండవది చార్జింగ్‌కు మాత్రమే పనికొస్తుంది.